మడి గది

వనపర్తి,
జూన్ 11, 2006.

ఈదమ్మక్కకు నీ చెల్లె సరిత రాస్తున్నది.

ఈసారి జవాబు మా ఇంటికి రాయకు. పనిలో నా పక్కన కూర్చునే యాదమ్మ ఇంటి అడ్రసు కింద రాశాను, దానికి పంపు. మా ఇంటికొచ్చే ఉత్తరం ముందు మా అత్త చేతిలో పడుతుంది. ఆమెకు చదువు రాదు కాబట్టి ఎదురింటివాళ్లతో చదివించుకుని మరీ వింటుంది. ఫోనేమో ఆమె మంచం పక్కనే. నాకు మనసు విప్పడానికి నువ్వొక్కదానివే ఉన్నావు, అందుకే కాగితం పట్టుకున్నాను.

మా కంపెనీలో ఒక వింత జరిగింది. నా పని నీకు తెలుసు కదా, వేడి కడ్డీతో సోల్డర్ తీగను కరిగించి బోర్డు మీద చిన్న చిన్న సామాన్లు అతికించడం. ఆ తీగలో మూడో వంతుకు పైగా సీసమే. సీసం ఉన్న చార్జర్ బోర్డులను వచ్చే నెల నుంచి యూరప్ దేశాలు తీసుకోవట. పాడైన సామాను పారేస్తే వాళ్ల భూమిలోకి సీసం దిగుతుందట. అందుకని మా పాత రైసుమిల్లు షెడ్డులో అడ్డంగా గోడ కట్టి, సీసం లేని తీగతో పనిచేసే కొత్త గది పెట్టారు. అందులో కడ్డీలు వేరు, బల్లలు వేరు, చెప్పులు కూడా వేరు. మా వస్తువు ఒక్కటి లోపలికి పోకూడదు, మా చెయ్యి దేనికీ తగలకూడదు. యాదమ్మ చూసి, "ఇదేం గదే, అయ్యగారోళ్ల వంటింటి లెక్కుంది. మడి గది" అన్నది. ఆ పేరే ఖాయమైపోయింది.

మన దేశంలో అమ్మే స్టెబిలైజర్ బోర్డులకు మాత్రం పాత తీగే. వాటికి సీసం వద్దని ఇక్కడ ఎవరూ అనలేదు.

మడి గదికి ఇన్‌చార్జి మా ఆయనే, నీ మరిది రవి. హైదరాబాదు పోయి ట్రైనింగు తీసుకుని వచ్చాడు, మెడలో కొత్త బ్యాడ్జీ వేసుకుని తిరుగుతున్నాడు. నన్ను కూడా లోపలికి తీసుకోమని అడిగాను. "పాత చేతులు వద్దని రూలుంది సరితా. ఏండ్లకేండ్లు సీసం పట్టిన చేతులు, మర్చిపోయి పాత అలవాటే చేస్తరు" అన్నాడు. ఇంటర్ అయిన ఆడపిల్లలను కొత్తగా తీసుకుంటున్నారు. నేను మళ్లీ అడుగుతాను. ఎట్లయినా ఆ గదిలోకి పోవాలని ఉంది.

సరిత

*

గద్వాల,
జూన్ 25.

చెల్లే,

నీ ఉత్తరం చదివిన. మీ అత్త సంగతికి ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది.

మడి గది కత మంచిగుంది గాని, నాకొకటి చెప్పు. ఏడేండ్ల సంది ఆ పాత బెంచి మీద కూసుంటివి. ఒక్కనాడన్న నన్ను మార్చున్రి అని అడగనిదానివి, గిప్పుడెందుకు వెంటపడ్డవే? కొత్త గదిల జీతం ఎక్కువున్నదని రాయలే, పని తక్కువున్నదని రాయలే. నిన్ను చంకనెత్తుకొని తిరిగినదాన్ని నేను. నువ్వు సగం చెప్పి సగం మింగుతవు. నెల తప్పిందా?

పోయినసారి నాగర్‌కర్నూల్ దవాఖానల డాక్టరమ్మ ఏమన్నదో నేను మర్చిపోలె. నీ పక్కన నిలబడ్డది నేనే. నువ్వు చేసే పని ఏందో వినంగనే ఆమె కలం పక్కకు పెట్టింది. ఆ సీసం చేతులకు అంటుకొని అన్నంతోని కడుపులకు పోతది, కడుపుల బిడ్డకు మంచిది గాదు అన్నది. నాలుగో నెలల పోయిన బిడ్డ దాంతోనే పోయిందని ఆమె అనలే. కాదని గూడ అనలే.

నిజమైతే పని బంద్ పెట్టి అమ్మ దగ్గరికి పో. ఇక్కడ సీడు పత్తి పెట్టినం. మొగులు పడుతుంది గాని వాన పడుతలేదు. మీ బావ కురుమూర్తి పొద్దుగాల లేస్తే ఆకాశం దిక్కు చూసుడే పని.

జవాబు రాయి. సగం రాయకు.

ఈదమ్మ

*

వనపర్తి,
ఆగస్టు 13.

అక్కా,

నిజమే. మూడో నెల. రవికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా రాయకపోవడానికి కారణం భయమే. పోయినసారి చెప్పుకుని సంబరపడి, తర్వాత ఒక్కొక్కరికీ మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది.

పని బంద్ పెట్టమన్నావు. నా ఐటీఐ సర్టిఫికెట్ మా కంపెనీ సేటు బీరువాలో ఉంది. చేరినరోజే అందరివీ ఒరిజినల్స్ తీసి పెట్టుకున్నాడు. రవి డిప్లొమా కూడా అక్కడే ఉంది. నడిమిట్ల మానేస్తే కాగితం ఇవ్వడు, నాకే కాదు, ఆయనకూ ఇవ్వడు. ఆ కాగితం లేనిది ఇంకో కంపెనీ గేటు కూడా తీయదు. అత్తకు చెబితే ఏమంటుందో నాకు తెలుసు.

ఇంకొకటి జరిగింది. సీసం లేని తీగతో వేసిన అతుకు మెరవదు అక్కా. బూడిద రంగులో, గరుకుగా ఉంటుంది. మా సూపర్వైజర్ శాంతయ్య సార్ మొదటి రోజు నుంచి మాకు నేర్పిందేమో ఒకటే మాట: "అతుకు అద్దం లెక్క మెరవాలె. మెరవలేదంటే కచ్చా అతుకు, రేపు ఊడుతది." మడి గది బోర్డులను ఆయన దీపం కింద పెట్టి చూసి పెట్టెలకు పెట్టెలు వాపసు పంపాడు. ఆ పిల్లలు మళ్లీ వేశారు, మళ్లీ మెరవలేదు. కొందరు ఏడ్చారు. లారీ వచ్చే రోజు దగ్గర పడింది.

అప్పుడు రవి బోర్డుల పళ్లెం తెచ్చి, గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి నా బల్ల మీద పెట్టాడు.

"జర మెరిపియ్యి. నీ తీగతోని ఒక్కొక్క చుక్క చాలు."

"ఇది సీసం కదా. మీరు వద్దన్నది దీన్నే కదా."

"ఒక్క చుక్కకు ఏం గాదు. ఎవడు కొరికి చూస్తడు? లారీ పోవాలె."

నా సంగతి గుర్తు చేశాను. "తెల్సు. ఈ లారీ పోనియ్యి, సేటుతోని మాట్లాడి నిన్ను లోపలికి తీసుకుంట" అన్నాడు. మడి గదిలోకి నా చెయ్యి పోకూడదు గానీ మడి గది బోర్డులన్నీ నా చేతికిందికే వస్తున్నాయి. స్టెబిలైజర్ల పని ఉండనే ఉంది, దాని మీద ఇది. అన్నానికి ముందు సబ్బుతో రుద్దుకుని, నిమ్మచెక్కతో రుద్దుకుని, స్పూనుతో తింటున్నాను. యాదమ్మ దొరసానివైతివి అని ఎగతాళి చేస్తుంది. ఆమెకు ఇంకా చెప్పలేదు.

సరిత

*

గద్వాల,
సెప్టెంబర్ 10.

చెల్లే,

నా ఒళ్లు మండుతుంది. గదిని కాపాడుమని ఇన్‌చార్జి చేస్తే, కిటికీల నుంచి తనే సీసం పెట్టిస్తడా? కంచే చేను మేసినట్టుంది మీ ఆయన కత. కడుపుతోని ఉన్న పెండ్లాం ముందల పళ్లెం పెట్టనీకి చేతులెట్ల వచ్చినయి వానికి?

ఒక్క చుక్క అంటడా? ఇక్కడ మా చేనుల క్రాసింగు నడుస్తుంది. పొద్దుగాల మగ పువ్వు తెచ్చి ఆడ పువ్వుకు రాస్తం, నీకు తెల్సు. పక్క చేను పుప్పొడి తగిలిందా, సీడు కంపెనీవాడు పరీక్ష చేసి పంటంతా కల్తీ అని వాపసు కొడతడు. పోయినేడు మా పక్కన వెంకటన్నకు గట్లనే అయ్యింది. మేం చేసింది ఎవరికి కనపడుతది అనుకున్నడు ఆయన గూడ.

లారీ పోయిందా? పోతే నిన్ను లోపలికి తీసుకున్నడా? అది రాయి ముందు. ఆ కాగితాల కోసం భయపడి కూసుంటే ఎట్లనే. కాగితం మళ్ల తెచ్చుకోవచ్చు.

నిమ్మకాయ మంచి పని చేసినవు. పాలు తాగు.

ఈదమ్మ

*

వనపర్తి,
అక్టోబర్ 15.

అక్కా,

ఆ లారీ పోయింది, ఇంకో లారీ వచ్చింది. నన్ను లోపలికి తీసుకోలేదు. అడిగిన ప్రతిసారీ వచ్చే వారం అన్నాడు. ఇప్పుడు అడగడానికి కూడా లేకుండా పోయింది.

బోర్డులు కొన్నవాళ్లు పరీక్ష చేయిస్తే సీసం బయటపడింది. వాళ్ల తరఫున హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. శాంతయ్య సార్ మెరవలేదని పక్కన పెట్టిన పెట్టెలోంచి ఒక బోర్డు తీసి, అటూ ఇటూ తిప్పి, "ఇవెందుకు పక్కన పెట్టారు, ఇవి మంచివే కదా. సీసం లేని అతుకు ఇట్లాగే ఉంటుంది" అన్నాడు. శాంతయ్య సార్ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ట్రైనింగులో ఈ మాట చెప్పలేదో, చెప్పినా రవి వినలేదో నాకు తెలియదు. ఇన్నాళ్లూ ఆ పిల్లలు సరిగ్గా వేసిన అతుకులను మేం మెరిపించి చెడగొట్టాం.

తప్పు ఎవరిదో రాసి ఇవ్వకపోతే ఆర్డరు తీసేస్తామన్నారట. నిన్న రవి నా పక్కన కూర్చుని, ఎన్నడూ లేనిది నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. "పాత బెంచి మీద అలవాటు కొద్దీ నువ్వే చేసినవని సేటు చెప్తడు. నువ్వు ఔను అనాలె, అంతే. నిన్ను పనిల నుంచి తీసేసి కాగితం చేతిల పెడతరు. నీకు కావల్సింది అదే కదా. బిడ్డ మంచిగుంటది, నా ఉద్యోగం ఉంటది."

నీతో అబద్ధమెందుకు, వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రేపటి నుంచి ఆ బెంచి మీద కూర్చోవద్దు అంటే చాలు, ఏ మాటకైనా ఔననాలనిపించింది. కాసేపటికి ఏడుపొచ్చింది. నా చేతి బోర్డు ఒక్కటి కూడా ఇంతవరకు వాపసు రాలేదక్కా. ఇప్పుడు అందరి ముందు నిలబడి, నేనే పాడు చేశాను అనాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నువ్వు ఏది చెబితే అది చేస్తాను.

సరిత

*

గద్వాల,
అక్టోబర్ 24.

సరితా,

రవి చెప్పినట్టు చెయ్యి. బిడ్డకన్న పేరు ఎక్కువ గాదు. ఒక్క మాట అంటే అయిపోతది.

క్రాసింగు చేసి చేసి వేళ్లు నొస్తున్నయి, ఎక్కువ రాయలేను.

ఈదమ్మ

*

వనపర్తి,
నవంబర్ 12.

అక్కా,

అన్నాను. సేటు అందరినీ షెడ్డులో నిలబెట్టాడు. కొత్త పిల్లలు ఒక పక్క, మేం ఒక పక్క. "నేనే చేసిన. పాత అలవాటు కొద్ది చేసిన" అన్నాను. యాదమ్మ నా మొహం చూసి నేల చూపు చూసింది. ఆ కిటికీ పక్కనే కూర్చునే మనిషి, ఆమెకు తెలియనిదేముంది.

ఇక పొమ్మంటారని సంచి సర్దుకుని సిద్ధంగా పోయాను. సేటు దండం పెట్టినట్టు చేతులు జోడించి, "సరితమ్మ ఏడేండ్ల సంది నమ్మకంగ చేసింది. ఒక్క తప్పుకు కడుపు మీద కొట్టేటోణ్ని గాదు నేను. ఆమెను మాఫ్ చేస్తున్న. పాత బెంచి మీదనే ఉంటది. కొత్త గది గడప మాత్రం ఎన్నడూ తొక్కద్దు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రవి కూడా కొట్టాడు.

ఇంటికొచ్చి నిలదీశాను. "స్టెబిలైజర్ల ఆర్డరు పెరిగింది. నువ్వు లేకపోతే ఆ బెంచి నడవదంటుండు సేటు. నేనేం చెయ్యాలె? ఏడో నెల దాక చెయ్యి" అన్నాడు. అత్త అందుకుని, రవి పుట్టే దినం దాక తాను చేనులో కలుపు తీశానని చెప్పింది. ఆమెకు ఇప్పుడు అంతా తెలుసు. కలుపు మొక్కల్లో సీసం ఉండదని ఆమెకు ఎట్లా చెప్పను.

లోపల బిడ్డ కదులుతున్నది. బెంచి మీద కూర్చున్నప్పుడే ఎక్కువ కదులుతుంది. చెయ్యి పెట్టి చూసుకోవాలనిపిస్తుంది, ఆ చేతులతో పెట్టబుద్ధి కాదు.

పోయిన ఉత్తరం నువ్వు రాసినట్టు లేదు. నన్ను తిట్టలేదు, పాలు తాగమనలేదు, బావ సంగతి రాయలేదు. ఎవరు రాయించారు?

సరిత

*

గద్వాల,
నవంబర్ 21.

చెల్లే,

ఎవరు రాయించలే, నా చేతులతోనే రాసిన. కాని రవి నా ముందల కూసున్నప్పుడు రాసిన.

నీ ఉత్తరం అందిన మర్నాడే పండ్లు పట్టుకొని వచ్చిండు. ఇంటికొచ్చిన మరిది, కడుపునిండ పెట్టిన. తిన్నంక ఏడ్చిండు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటరు సూడు, గట్ల నా కాళ్ల మీద పడ్డడు. సరిత నీ మాటే వింటది వదినా, ఆమె ఔనంటే ఆ సీసంల నుంచి బయటపడుతది, నా మీద ఒట్టు అన్నడు. నాకు నీ బిడ్డే కండ్ల ముందల ఆడింది. నమ్మిన. వచ్చిండని నీకు చెప్పద్దు, తన పరువు పోతదన్నడు. దానికి గూడ సరే అన్న. నా బుద్ధి గడ్డి తిన్నది.

వాడు గూడ ఇరుక్కున్నడు, అది నాకు తెల్సు. వాని డిప్లొమా ఆ సేటు బీరువాలనే ఉంది. కాని బావిల పడ్డోడు పెండ్లాం భుజాల మీద నిలబడి పైకొస్తనంటే ఎట్ల?

ఇప్పుడు నేను చెప్పేది ఎవరు పక్కన లేనప్పుడు రాస్తున్న. ఆ కొన్నోళ్ల మనిషి మళ్ల ఎవరన్న వస్తే నోరు తెరువు. జరిగింది జరిగినట్టు చెప్పు. రవి ఉద్యోగం పోతే పోనియ్యి. నువ్వు నోరు మూసుకుంటే పొయ్యేది ఏందో నీకు తెల్సు, నాకు తెల్సు.

పాలు తాగుతున్నవా?

ఈదమ్మ

*

వనపర్తి,
డిసెంబర్ 17.

అక్కా,

పోయిన మంగళవారం బోర్డులు కొన్నవాళ్ల తరఫున ఒక మేడం వచ్చింది. నేను ఒప్పుకున్నానని కాగితంలో చదివిందట, నన్నే చూడాలన్నది. సేటు గదిలో కూర్చోబెట్టారు. పక్కన సేటు, శాంతయ్య సార్, రవి.

ఆమె నన్ను చూసి ముందు అడిగింది తప్పు సంగతి కాదు. "ఎన్నో నెల?" అన్నది. ఏడోది అన్నాను. "ఇంకా సీసం బెంచి మీదే ఉన్నావా?" అన్నది. ఆ కంపెనీలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. రవి నా దిక్కు చూస్తున్నాడు. ఆ చూపు నువ్వు చూడలేదక్కా. గద్వాలలో నీ కాళ్ల మీద పడ్డప్పుడు బహుశా అట్లాగే చూసి ఉంటాడు.

"మా అంతల మేం చెయ్యలే మేడం. మెరవలేదని కిటికీల నుంచి నాకు ఇచ్చిన్రు. నేను మెరిపించిన" అన్నాను.

"ఎవరు ఇచ్చారు?"

"మా ఆయన."

రవి తల వంచుకున్నాడు. శాంతయ్య సార్ నెమ్మదిగా, మెరవాలని పట్టుబట్టింది తానేనని చెప్పాడు.

మేడం పోయిన తర్వాత సేటు నన్ను సంచి తీసుకుని పొమ్మన్నాడు. సర్టిఫికెట్ ఇవ్వలేదు. వారం తిరగకముందే చార్జర్ల ఆర్డరు పోయింది, మడి గదికి తాళం పడింది. ఆ పిల్లలందరినీ ఇంటికి పంపారు. వాళ్లు చేసిన తప్పు ఒక్కటి లేదు. యాదమ్మ వీధిలో కనబడితే, "మంచి పనే చేసినవు గాని, ఆ పిల్లల ఉసురు ఎవరికి తాకుతదో" అని పోయింది.

నేను ఇంట్లో ఉన్నాను. సీసం లేదు. అత్త మాట్లాడదు.

సరిత

*

గద్వాల,
జనవరి 7, 2007.

చెల్లే,

నువ్వు నోరు తెరిచినవని చదివి ఇంట్ల అందరు వినేటట్టు నవ్విన. మీ బావ పరేషాన్ అయ్యిండు, దీనికేమైంది అని. తర్వాత కూసొని ఏడ్చిన.

అమ్మను పంపుతున్న, నిన్ను కాన్పుకు నాగర్‌కర్నూల్ తీస్కపోతది. మీ అత్త అడ్డమొస్తే నా పేరు చెప్పు.

కాని మళ్ల సగమే రాసినవు. అందరి సంగతి రాస్తివి, రవి ఏమైండో రాయలే. పోయిండా, ఉన్నడా? తిడుతుండా? వాడు మంచిగున్నడా అని అడుగుతలే నేను. నువ్వెందుకు రాయలేదో అది అడుగుతున్న.

ఈదమ్మ

*

నాగర్‌కర్నూల్,
మార్చి 11.

అక్కా,

బిడ్డ పుట్టిన కబురు అమ్మ పంపింది కదా. ఆడపిల్ల. బరువు తక్కువ అన్నారు గానీ పాలు బాగా తాగుతుంది. అదే డాక్టరమ్మ చూసింది. పెరిగేటప్పుడు చూస్తూ ఉండాలి, ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నది.

నువ్వు అడిగినదానికి ఇన్నాళ్లు జవాబు రాయలేదు. రవిని సేటు తీసెయ్యలేదు. నా బెంచి మీద, నా జాగాలో కూర్చోబెట్టాడు. నా కడ్డీ, నా తీగ, స్టెబిలైజర్ బోర్డులు. చెయ్యనంటే డిప్లొమా ఇవ్వనన్నాడు. హైదరాబాదు పోదామంటే ఆ కాగితం లేదు, అత్తను చూసేవాళ్లు లేరు. నా మాటే ఆయనను అక్కడ కూర్చోబెట్టింది. డిసెంబర్ నుంచి కాన్పుకు వచ్చేదాకా పొద్దున డబ్బా కట్టి ఇచ్చాను, పొద్దుగూకాక ఆ షర్టు వేరే బకెట్‌లో ఉతికాను. ఒక్క మాట తిట్టలేదక్కా నన్ను. తిడితే బాగుండేది.

మొన్న ఆదివారం బిడ్డను చూడటానికి వచ్చాడు. చిక్కిపోయాడు. గడపలో నిలబడి, నేను అడగకముందే, "చేతులు కడుక్కునే వచ్చిన" అన్నాడు. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద ఆ నలుపు నాకు తెలుసు. ఏడేళ్లు నా చేతులకున్నదే. "ఇంకోసారి కడుక్కో" అన్నాను. కుళాయి దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాడు. వచ్చి చేతులు చాచాడు. ఇవ్వాలనే లేచాను, అబద్ధం కాదు. బిడ్డను రెండు చేతుల్లోకి తీసుకుని ఆయన ముందు దాకా పోయాను. నా చేతులు ముందుకు పోలేదు.

అమ్మ "ఏందే గిది, తండ్రి కాదా వాడు" అన్నది. ఎండలు ముదరకముందే నన్ను వనపర్తికి పంపుతారు. అదే ఇల్లు, రోజూ పొద్దుగూకే వేళకు ఆ చేతులతోనే వస్తాడు. రోజూ ఏమని ఆపాలి, ఏమని ఇవ్వాలి?

"ఇంకోసారి" అన్నాను. మెల్లగా అన్నాను గానీ ఆయనకు వినబడింది. మళ్లీ కుళాయి దగ్గరికి పోయాడు.

సరిత